రెండు లైన్ క్లియర్లు

సూరయ్య నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట లైను. అది ఇంగ్లీషు మాటని అతనికి చాలాకాలం తెలియదు. కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్తగా రైలుదారి వేస్తున్న రోజుల్లో, ఊళ్లో మగాళ్లు పొద్దున్నే ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడి "లైనుకొస్తావేటి?" అని పిలుచుకునేవారు. లైనుకు వెళ్లడమంటే తట్టలు మోయడానికి వెళ్లడం. మొదట మట్టి, తరవాత కంకర, ఆ తరవాత పట్టాల కింద పరచడానికి ఇద్దరేసి మనుషులు కలిసి ఎత్తే దుంగలు. పని కొండల వైపు జరిగిన కొద్దీ సాయంత్రానికి ఇల్లు చేరడం కుదరక కూలీలు రేకుల పాకల్లో పడుకునేవారు. వరసగా ఉన్న ఆ పాకల పేరూ లైన్లే. గంజి కోసం నిలబడితే అదీ లైనే. మేస్త్రీకి కోపం వస్తే అందరినీ లైనులో పెడతాననేవాడు. ఒక్క మాట ఇన్నింటికి ఎలా సరిపోతోందని సూరయ్య ఎప్పుడూ అనుకోలేదు. మనిషికీ చేతులే, కుర్చీకీ చేతులే. మాటలు అలాగే ఉంటాయి.

అతనికి ఆ ఊళ్లో అక్క గున్నమ్మ తప్ప ఎవరూ లేరు. తల్లి పోయేనాటికి అతను ఇంకా నడక నేర్చుకుంటున్నాడు. తండ్రి ఆ తరవాత ఎంతోకాలం లేడు. పెళ్లయి అత్తవారింటికి వచ్చినప్పుడు గున్నమ్మ తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. కొత్త పెళ్లికూతురు చంకలో పిల్లాడేమిటని ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. ఆమె భర్త సోములు మాత్రం, "కట్నం కింద బావమరిదినిచ్చేరు, ఏటి సేస్తాం," అని తనే ముందుగా నవ్వేసి వాళ్ల నోళ్లు మూయించాడు. వాళ్లకు మెట్టలో గోగు, చోళ్లు పండేవి. పల్లంలో కాస్త వరి. సూరయ్య గోగు మోపులు గుంటలో నానబెట్టి, కుళ్లాక నార ఒలిచి, ఉతికి, ఆరబెట్టే పనిలో పెరిగాడు.

రైలుదారి పూర్తయ్యాక కూలీల్లో చాలామందిని పంపేశారు. కొద్దిమందిని స్టేషన్లలో చిల్లర పనులకు ఉంచుకున్నారు. అలా సూరయ్య తన ఊరికి దగ్గరలోనే ఉన్న బొండువలస స్టేషనులో మిగిలాడు. దీపాలు తుడవడం, గడ్డి పీకడం, సరుకు ఎక్కించడం అతని పని. ఆ స్టేషనుకు మాస్టరు జగన్నాధం. విజయనగరంలో పుట్టి పెరిగినవాడు. బండ్లు తక్కువ, కబుర్లు ఎక్కువ కావలసిన మనిషి. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆయనకు సరదా. వినేవాళ్లు ఎవరన్నది ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఒకనాడు సూరయ్య షావుకారు తాలూకు గోగునార కట్టలు ప్లాట్‌ఫారం మీదికి మోస్తుంటే ఆయన పిలిచాడు.

"ఒరే సూరయ్యా, నువ్వు మోస్తున్నదేమిటి?"

"గోగునార బాబూ."

"కాదు. లైను."

సూరయ్య కట్ట దించి చూశాడు. తనను ఆట పట్టిస్తున్నాడేమోనని అనుమానం వచ్చింది.

"నిజమేరా. మన గోగులాగే వాళ్ల దేశాల్లో అవిసె నార. లాటిన్ భాషలో దాని పేరు లీనం. ఆ నారతో పేనిన దారం లైను. దారం లాగి పట్టుకుంటే తిన్నగా ఉంటుంది కదా, అందుకని గీత లైనయింది. గీతలాగా పోయేది గనక దారి లైనయింది. ఇదిగో, ఈ పట్టాలు లైను."

"అలగైతే మా అప్ప గున్నమ్మ ఇంటికాడ కూకుని పేనతాది, అదీ లైనేటి బాబూ?"

"అసలు లైను అదే."

"ఆ లైను నానబెడితే ఊరంతా కంపు కొడతాది బాబూ," అన్నాడు సూరయ్య. గోడకు చేరగిలబడి ఉన్న, సిగ్నళ్ల మీటలు లాగే పాయింట్‌మేన్ దాలయ్య పగలబడి నవ్వాడు. జగన్నాధం కూడా నవ్వాడు.

నవ్వు తగ్గాక సూరయ్య, రోజూ చెవిన పడుతున్న మరో మాట గురించి అడిగాడు. "మరి లైన్ క్లియరంటే ఏటి బాబూ?"

"క్లియరంటే అడ్డం లేనిదని. అవతలి స్టేషను వాడు బండిని పంపించనా అని అడుగుతాడు. మన లైను మీద ఏ అడ్డమూ లేకపోతే, లైన్ క్లియర్ ఇచ్చానంటాను. వాడు బండి వదులుతాడు."

"ఎవులికడ్డం నేనిది?"

"బండికి. నీకనుకున్నావా?"

ఆ మాట అర్థం సూరయ్య ఒంటికి పట్టించినవాడు దాలయ్య. అంతకుముందు ఒకసారి సూరయ్య పట్టాల మధ్య కూర్చుని గడ్డి పీకుతున్నాడు. గదిలోంచి మాస్టరు లైన్ క్లియర్ ఇచ్చానని అరిచాడు. సూరయ్య తల కూడా ఎత్తలేదు. దాలయ్య పరుగున వచ్చి జుట్టు పట్టుకుని అవతలికి ఈడ్చాడు.

"ఒరే, ఆ మాట ఇంటే ముందు లెగు. తరవాత ఏటని అడుగు. నీ ముక్కలేరడానికి నాకు కాళీ నేదు."

నిజానికి బండి రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. కానీ పాఠం పాఠమే. అప్పటినుంచి లైన్ క్లియర్ అని వినబడితే సూరయ్య కాళ్లు వాటంతటవే పట్టాలు దాటేవి. అన్నం తింటున్నా ఒకసారి తల తిప్పి చూసుకునేవాడు.

అరవై ఏడు చివర్లో స్టేషనులో మిగిలిన కూలీలనూ తీసేశారు. దారి కట్టడం అయిపోయింది గనక కట్టినవాళ్ల పనీ అయిపోయింది. ఆ సాయంత్రం సూరయ్య ఇంటికొచ్చి గుంజకు ఆనుకుని కూర్చుంటే సోములు చుట్ట ముట్టించుకుంటూ, "ఏడుపెందుకురా సూరిగా. ఆ లైను పోతే ఈ లైను," అన్నాడు.

సోములు కరెంటు లైన్‌మేన్. అప్పుడప్పుడే పల్లెలకు కరెంటు పాకుతోంది. స్తంభాలు పాతడానికీ, తీగలు లాగడానికీ మనుషులు కావాలి. సోములు పై వాళ్లను పట్టుకుని బావమరిదిని తన దగ్గరే హెల్పరుగా వేయించుకున్నాడు. స్తంభాలెక్కడంలో సోములుకు పేరుంది. పెద్ద నోరు, తొందర మనిషి. రైతులు మోటారు తిరగడం లేదని వస్తే తింటున్న ముద్ద వదిలి లేచేవాడు. "నీరు కట్టే సేనుకి ఆకలేస్తే మనకెలాగ దిగుతాదే ముద్ద?" అనేవాడు గున్నమ్మతో.

పనిలో చేరిన కొత్తలో జరిగిందిది. సూరయ్య ఇంకా కరెంటు కలపని స్తంభానికి వేసిన నిచ్చెన సగం దూరం ఎక్కి, కిందినుంచి సోములు ఇస్తున్న తీగ చుట్ట అందుకుంటున్నాడు. సబ్‌స్టేషను నుంచి సైకిలు మీద మనిషి వచ్చి, "లైన్ క్లియర్ ఇచ్చేసేరు," అని కేకేశాడు. ఆ మాట చెవిన పడిందో లేదో సూరయ్య తీగ వదిలేసి, నిచ్చెన మీదనుంచి దూకి, గట్టు దాటి పరిగెత్తాడు. చేలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. అతను వెనక్కి తిరిగేసరికి సోములు పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"రైలొచ్చిందేట్రా సేలోకి? ఏ వేపునుంచొస్తాది, సెప్పు. టిక్కెట్టు తీస్తాను."

కరెంటువాళ్లకూ లైన్ క్లియర్ అనే మాట ఉంది. తీగ మీద పని చేయాలంటే సబ్‌స్టేషనులో ఆపరేటరు ఆ తీగకు కరెంటు ఆపి, ఆపానని చీటీ ఇవ్వాలి. ఆ ఇవ్వడం పేరు లైన్ క్లియర్. అది అందాకే మనిషి స్తంభం ఎక్కాలి. స్టేషనులో లైన్ క్లియర్ అంటే లైను మీద మనిషి ఉండకూడదు. ఇక్కడ లైన్ క్లియర్ అంటే మనిషి లైను మీదికి వెళ్లవచ్చు.

ఆ పూట అన్నాల దగ్గర సోములు ఈ సంగతంతా గున్నమ్మకు చేతులూ కాళ్లూ ఆడిస్తూ చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"సావుకీ బతుక్కీ ఒకే మాటెందుకెట్టుకున్నారు?"

"ఇంగ్లీసోడినడుగు. ఎల్లిపోయేడు గాని, నేపోతే నానే అడుగుదును."

"ఆడికి నువ్వు కరెంటు నేదు అని సెప్పు. అంతే సెప్పు."

"అలగ సెప్తే డిపార్టుమెంటులో ఎలాగ బతుకుతాడే? ఆపరేటరు కూడా లైన్ క్లియరనే అంతాడు. నేర్సుకోవాల," అన్నాడు సోములు.

నేర్పాడు కూడా. నేర్పే పద్ధతి అతని సొంతం. నడుస్తున్నప్పుడూ, నీళ్లు తోడుతున్నప్పుడూ, ఏమీ లేనప్పుడూ ఉన్నట్టుండి "లైన్ క్లియర్" అనేవాడు. సూరయ్య వెంటనే "ఎక్కొచ్చు" అనాలి. ఆలస్యమైతే చెవి మెలిపెట్టేవాడు. మొదట్లో సూరయ్య చెవులు ఎర్రగా ఉండేవి. వానలు వెళ్లేసరికి తగ్గింది. గోగు కోతల నాటికి సోములు నోట్లో మాట పూర్తి కాకుండానే సూరయ్య "ఎక్కొచ్చు" అనేవాడు. నిద్రలో లేపి అడిగినా అదే. పాత అర్థం చచ్చిపోయిందని సోములు ఊరంతా చెప్పుకున్నాడు. "రైలు దింపేసేను వీడి బుర్రలోంచి," అని.

అరవై తొమ్మిది మాఘమాసంలో బొండువలస వెనక చేలకు కరెంటు సరిగా రాలేదు. మోటార్లు మూలుగుతున్నాయి తప్ప తిరగడం లేదు. రెండో పంట వరి ఎదిగే సమయం. మడుల్లో నెర్రెలు కనిపిస్తున్నాయి. ఆ చేలలో ఎక్కువ భాగం నరసింగరావు అనే రైతువి. ఆయన తెల్లారుతూనే సోములు గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. బావా బావమరుదులిద్దరూ ఆయన వెంట వెళ్లి తీగ పొడుగునా చూసుకుంటూ వస్తే, స్టేషను యార్డుకు అవతల ఉన్న స్తంభం మీద తీగను పట్టి ఉంచే పింగాణీ పగిలి కనిపించింది.

పద్ధతి ప్రకారం సూరయ్య సైకిలు మీద సబ్‌స్టేషనుకు వెళ్లి చీటీ తేవాలి. సైకిలు గాలి దిగి ఇంటి దగ్గరే ఉంది. ఎక్కే ముందు తీగ మీదికి విసిరి, నిజంగా కరెంటు లేదని చూసుకునే గొలుసు ఒకటుంటుంది. దాన్ని పక్క ఊళ్లో పనికి ఎవరో పట్టుకెళ్లారు.

"నడిసెల్లి వచ్చేసరికి పొద్దు వాలిపోతాది," అన్నాడు సోములు.

"స్టేసన్లో బయటి ఫోనుందిగా. షావుకార్లు మాటాడతారు," అన్నాడు నరసింగరావు. "మాస్టరు మంచోడే."

సోములు స్తంభం వంకా చేల వంకా చూశాడు. "సరే. సూరిగా, నీ పాత మాస్టరే కదా. సబ్‌స్టేషనుకి ఫోన్ సేయించి లైన్ క్లియర్ అడగమను. ఇచ్చేరంటే ప్లాట్‌ఫారం మీదనుంచే ఓ కేకెయ్. సీటీ రేపు రాయించుకుందాం."

"సీటీ నేకుండానా బావా?"

"సీటీ ఎక్కుతాదేటి స్తంబం? నానెక్కాల."

సూరయ్య వెళ్లాడు. జగన్నాధం అతన్ని చూసి సంతోషించాడు. ఫోను తీసి సబ్‌స్టేషనుకు కలిపి, సంగతి చెప్పాడు. అవతలివాడు లైను ఆపి తనే మళ్లీ ఫోను చేస్తానన్నాడట. "కూర్చో," అన్నాడు జగన్నాధం. సూరయ్య కూర్చోలేదు. ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి పట్టాలకు అవతల స్తంభం కనిపిస్తుంది. స్తంభం మొదట్లో సోములు నడుముకు బెల్టు బిగించుకుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కన నరసింగరావు గొడుగు నీడలో ఉన్నాడు.

లోపల గంట మోగింది. సూరయ్య విన్నాడు. విన్నానని తరవాత అడిగినవాళ్లందరికీ చెప్పాడు. జగన్నాధం ఎవరితోనో మాట్లాడాడు. ఏదో తిప్పిన చప్పుడైంది. తరవాత ఆయన అవతలి గుమ్మంలోంచి తల బయటపెట్టి, గొంతెత్తి అన్నాడు.

"లైన్ క్లియర్ ఇచ్చేశాను."

మోగింది అవతలి స్టేషను వాడి గంట. అన్నది దాలయ్యతో. కొండల మీదనుంచి ఇనుప రాయి తీసుకొస్తున్న బండి కోసం. ఏడాది కిందటి సూరయ్య అయితే ఆ మాటకు పట్టాల మీదినుంచి లేచేవాడు. ఏడాది పొడుగునా చెవి మెలిపెట్టించుకున్న సూరయ్యకు లోపలినుంచి ఒకే జవాబు వచ్చింది. ఎక్కొచ్చు. అతను ప్లాట్‌ఫారం చివరికి పరిగెత్తి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"బావా, లైన్ క్లియర్ ఇచ్చేసేరు."

సోములు చుట్ట పారేసి చేతులు దులుపుకుని స్తంభం పట్టుకున్నాడు. ఎప్పటిలాగే తొందరగా ఎక్కుతున్నాడు. ఇంత తేలిగ్గా పని అయినందుకు సూరయ్యకు హాయిగా అనిపించింది.

అప్పుడు అతని కాళ్ల పక్కన, నేలబారున పోయే సిగ్నలు తీగ బిగుసుకుని కీచుమంది. దాలయ్య మీట లాగాడు. దూరంగా సిగ్నలు రెక్క బండికి దారిస్తూ కిందికి వాలింది. సూరయ్య ఆ రెక్క వంక చూశాడు. చూస్తూనే, తను విన్న మాట ఎవరిదో అతనికి తెలిసింది.

పట్టాల మీదికి దూకి పరిగెత్తాడు. పరిగెత్తుతూ అరిచాడు.

"బావా, లైన్ క్లియర్ రైలుకి. లైన్ క్లియర్ రైలుకి."

గాలి చేల వైపునుంచి ప్లాట్‌ఫారం వైపు వీస్తోంది. స్తంభం మీద సోములు ఒక్క క్షణం ఆగాడు. తల తిప్పలేదు. విన్నానన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. తొందర పెడుతున్నాడనుకున్నాడో, రెండోసారి చెప్పి ధైర్యమిస్తున్నాడనుకున్నాడో. మళ్లీ ఎక్కాడు. సూరయ్య ఇంకా అరుస్తూనే ఉన్నాడు. అదే మాట. అతని నోట్లో ఇంకో మాట లేదు.

సోములు చెయ్యి పగిలిన పింగాణీ దగ్గరికి వెళ్లింది. వెళ్లిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఒళ్లు ఒకసారి వెనక్కి విరుచుకుంది, తరవాత బెల్టు మీద వేలాడింది. కింద నరసింగరావు గొడుగు వదిలేసి దూరంగా పోయాడు.

కరెంటు ఆగేదాకా ఎవరూ ముట్టుకోవడానికి లేదు. స్తంభం ఎక్కబోయిన సూరయ్యను దాలయ్య వెనకనుంచి కావలించుకుని పడేశాడు. ఇనుప రాయి బండి వచ్చింది. దాని పెట్టెలన్నీ ఒకటొకటిగా వెళ్లిపోయేదాకా వాళ్లు పట్టాలకు అవతల, స్తంభం కింద నేలమీదే ఉన్నారు. గదిలో బయటి ఫోను మోగింది. జగన్నాధం తీస్తే ఆపరేటరు, "లైన్ క్లియర్ ఇచ్చాను, ఎక్కమనండి," అన్నాడు.

విచారణ ఆ స్టేషను గదిలోనే జరిగింది. రైల్వే నుంచి ఒకాయన, కరెంటు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. రైల్వే ఆయన, ఆ మాట రైలు పుట్టినప్పటినుంచీ మాదేనన్నాడు. కరెంటాయన, మా రూల్సులోనూ అదే ఉందన్నాడు. కాసేపు ఇద్దరూ ఇంగ్లీషులో వాదించుకుని కాఫీ తాగారు. చివరికి ఇద్దరికీ ఒక్క విషయంలో పొత్తు కుదిరింది. చనిపోయినవాడు చీటీ లేకుండా, గొలుసు వేయకుండా ఎక్కాడు. తప్పు అతనిది. సూరయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు. గంట విన్నానన్నాడు. మాట విన్నానన్నాడు. తనే కేకేశానన్నాడు. అతన్ని పనిలోంచి తీసేశారు. జగన్నాధం మూల కూర్చుని, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాడు. బయటికి వచ్చాక సూరయ్య భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండా లోపలికి వెళ్లిపోయాడు.

ఈ రాతలూ కోతలూ సూరయ్యకు పట్టలేదు. పని పోయిందన్నదీ పట్టలేదు. అతనికి పట్టినది ఒక్కటే. అక్క ఏమనుకుంటోంది? శవం ఇంటికి వచ్చిననాటినుంచీ గున్నమ్మ అతనితో మాట్లాడలేదు. ఏడ్చేటప్పుడు కూడా అతని వైపు తిరగలేదు. అన్నం పెట్టేది. తింటున్నాడో లేదో చూసేది. అంతే.

ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. తిప్పినవాడు నరసింగరావు. చెడ్డతనంతో కాదు. స్తంభం కింద నిలబడి కళ్లారా చూసినవాడు గనక అందరూ ఆయన్నే అడిగారు. ఆయనా అందరికీ చెప్పాడు. "మొదటి కేకకే ఎక్కతన్నాడు పాపం. సగంలో ఆగేడు కూడాను. మరి ఈడెందుకు పరిగెట్టుకొచ్చి మళ్లీ మళ్లీ లైన్ క్లియర్ లైన్ క్లియరని అరిసేడో, నాకిప్పటికీ తెలీదు." నీళ్ల దగ్గరా, అరుగుల మీదా ఆ మాట పెరిగింది. ఆగినవాణ్ణి ఎక్కించాడని కొందరు. బావ ఉద్యోగం తనకొస్తుందనుకున్నాడేమోనని ఒకరిద్దరు.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం గున్నమ్మ చేటలో చోళ్లు చెరుగుతోంది. సూరయ్య దూరంగా గుంజ దగ్గర ఉన్నాడు. ఆమె చేట మీదినుంచి కళ్లెత్తకుండానే అడిగింది.

"రెండోపాలి ఏటని అరిసేవు?"

అతను ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్నాడు. 

"ఆగమనప్పా."

"ఆగమని అరిసేవా?"

"నేదు."

"మరేటని?"

"లైన్ క్లియర్ రైలుకని."

"మొదటిపాలి ఏటన్నావు?"

"లైన్ క్లియరనే."

చేట ఆగింది. మళ్లీ కదిలింది.

"అదే మాట," అంది.

"అదే మాట గాని, అది కాదప్పా. రెండోది రైలుది. రైలు లైన్ క్లియరంటే ఎక్కకూడదు. బావకి తెలుసు. రైలుకి అన్నానప్పా. రైలుకి అన్న ముక్క బావకి ఇనిపించనేదు. గాలి..." అతను చేతులతో చూపిస్తూ, స్టేషనులో ఎలాగో, కరెంటు దగ్గర ఎలాగో, మాస్టరు ఏ గుమ్మంలోంచి తల బయటపెట్టాడో, రెక్క ఎప్పుడు వాలిందో అన్నీ చెప్పాడు. గున్నమ్మ అడ్డు రాలేదు. పూర్తిగా విన్నది.

"నువ్వు సెప్పేది నాకు తెలుసు. మీ బావ అన్నాల కాడ నవ్వతా సెప్పినప్పుడే తెలిసినాది. నువ్వు ఆపడానికే అరిసేవు. అదీ తెలుసు. ఊరోలు అనేదానికి నాను సెవి ఒగ్గనేదు."

సూరయ్య లేచాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

"గాని ఒరే," అంది ఆమె. "దిగు అనడానికేటొచ్చింది నీకు?"

అతను ఆగిపోయాడు.

"దిగు బావా. అంతేకదా. ఆ ముక్కకి రైలునేదు, కరెంటునేదు. అమ్మ పోయేనాటికి నీకు మాటలింకా రానేదు. రా, పో, బువ్వ, నీల్లు, అన్నీ నానే నేర్పేను. అరుగెక్కితే దిగు, సెట్టెక్కితే దిగు. రోజుకెన్నిపాల్లు అన్నానో. ఒక్కపాలి నీ నోటికి రానేదేట్రా?"

"రానేదప్పా," అన్నాడు సూరయ్య.

 బావ పోయిన మధ్యాహ్నాన్ని అతను లోపల ఎన్నోసార్లు మళ్లీ పరిగెత్తి చూసుకున్నాడు. ప్రతిసారీ పట్టాల మీదికి దూకుతాడు, నోరు తెరుస్తాడు, అదే మాట వస్తుంది. ఇప్పుడు అక్క చెప్పాక గానీ ఇంకో మాట ఉన్నట్టు అతనికి తట్టలేదు. 

గున్నమ్మ చేట పక్కన పెట్టి, పొట్టు పడిన చీర దులుపుకుంది.

"నువ్వు సంపేవని నాననను. ఎవులన్నా ఊరుకోను. గాని నువ్వీ గుమ్మంలో నోరిప్పితే నాకు ఆ కేకే ఇనిపిస్తాది. నీల్లిమ్మని అడిగినా అదే ఇనిపిస్తాది. నాను పడలేను తమ్ముడా. ఎల్లిపో."

"ఎక్కడికెల్తానప్పా?"

"నరసన్నపేటలో మీ బావ మేనల్లుడున్నాడు కదా, బియ్యం మిల్లులో. బస్తాల పనికి మనుసుల్ని ఎట్టుకుంటన్నారట. కబురెట్టేను."

ఎప్పుడు కబురు పెట్టిందో అతనికి తెలియదు. అంటే ఇది ఈ మధ్యాహ్నం అనుకున్నది కాదు. అతను చెప్పబోయేది విన్నా, వినకపోయినా, ఆమె నిశ్చయం ముందే అయిపోయింది.

మర్నాడు ఉదయం గున్నమ్మ అన్నం వార్చి, చారు కాచి, అతనికి వడ్డించింది. ఎదురుగా కూర్చుని, చిన్నప్పటిలాగే ఆకులో మెతుకు మిగలకుండా తినేదాకా చూసింది. అతను ఏమీ అడగలేదు. నీళ్లు కావలసివచ్చినప్పుడు తనే లేచి ముంచుకున్నాడు. రెండు పంచెలూ ఒక దుప్పటీ మూట కట్టుకున్నాడు. కొత్తవలస వెళ్లి బస్సెక్కాలి. బొండువలస స్టేషను దగ్గరే, కానీ ఆ దారి తలపెట్టలేదు. చేల గట్ల మీదుగా నడిచి పోదామనుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆగాడు. గున్నమ్మ లోపలి గుంజ పక్కన నిలబడి ఉంది.

ఏ ఇంటినుంచి వెళ్లేటప్పుడైనా వస్తానని చెప్పి వెళ్తారు. పోతానని ఎవరూ అనరు. చావు జరిగిన ఇంట్లో మాత్రం వస్తానని కూడా అనకూడదు. ఏమీ అనకుండా తలవంచుకుని దిగిపోవాలి. అది అక్కడ అందరికీ తెలిసిన ఆచారమే. దానివల్ల ఆ పూట సూరయ్యకు మాట వెతుక్కోవలసిన పని తప్పింది. మూట భుజాన వేసుకుని గుమ్మం దిగి వెళ్లిపోయాడు. గున్నమ్మ కాసేపు అక్కడే నిలబడి, తరవాత అతను తిన్న ఆకు తీయడానికి లోపలికి వెళ్లింది.